పొట్టేళ్ళకు సమన్యాయం

రాష్ట్ర పశు అస్థి పరిశోధనా సంస్థలో ఇరవై ఏళ్ళుగా ఎవరూ ఏదీ కనిపెట్టలేదు కనుక ఆ సంస్థ మీద ఎవరికీ ఏ ఫిర్యాదూ లేదు. కర్నూలు దాటి, నాపరాళ్ళ క్వారీలు కూడా దాటాక, తుమ్మచెట్ల మధ్య ప్రభుత్వం దాన్ని కట్టించింది. పెద్ద బోర్డు పెట్టించింది. ఏటా పంద్రాగస్టుకు జెండా ఎగరేయించి, మిగతా రోజుల్లో దాని జోలికి పోకుండా మర్యాదగా ఉంది. డాక్టర్ ఇందుమతి వచ్చి చేరి, ఏదో ఒకటి తేల్చి తీరాలని పట్టుబట్టకపోతే ఇంకో ఇరవై ఏళ్ళు కూడా అలాగే హాయిగా గడిచిపోయేవి.

ఇందుమతి పశువుల డాక్టరు. మోకాలి కీలులో ఎముకకూ ఎముకకూ మధ్య మెత్తగా ఉండే మృదులాస్థి ఒకసారి అరిగితే మళ్ళీ పెరగదని కాలేజీలో పాఠం విన్న రోజు నుంచి ఆమెకు ఆ విషయం మీద కోపం. తెగిన చర్మం అతుక్కుంటుంది, విరిగిన ఎముక అతుక్కుంటుంది, ఇదొక్కటి మాత్రం ఎందుకు మొండికేయాలి? ఒంట్లోనే పుట్టే ఒక ప్రోటీను ఉంది. కణాల దగ్గరికి వెళ్ళి పెరగమని చెప్పడం దాని ఉద్యోగం. గ్రోత్ ఫ్యాక్టర్ అంటారు. దాన్ని సీసాలో తయారుచేసి సూదితో కీలులోకి ఎక్కిస్తే అరిగింది మళ్ళీ పెరుగుతుందా, పెరగదా? ఈ ఒక్క ప్రశ్నకు జవాబు తెలుసుకోవాలని ఆమె నడివయసు దాకా వచ్చింది.

పన్నెండు నెల్లూరు పొట్టేళ్ళను తెప్పించింది. మత్తిచ్చి, ఒక్కో దాని మోకాలి మృదులాస్థిలో శనగగింజంత గుంట చేసింది. చీట్లు వేసి తీసి, సగం పొట్టేళ్ళకు మందు, మిగతా సగానికి ఉప్పునీళ్ళు అని ఖాయం చేసింది. సీసాల మీద అంకెలే తప్ప ఇంకేమీ రాయలేదు. దేనికి ఏది పడిందో, రేపు ఆ కాళ్ళను పరీక్షించాల్సిన తనకు కూడా తెలియకుండా కట్టుదిట్టం చేసుకుంది. మందు తీసుకున్నదాన్నీ తీసుకోనిదాన్నీ పక్కపక్కన నిలబెడితే తప్ప, కాలు బాగుపడింది మందు వల్లనా, దానంతటదేనా అన్నది తేలదు. లోకమంతా అనుసరించే పద్ధతి ఇదే. లోకంలో చెల్లేది తన సంస్థలోనూ చెల్లుతుందనుకోవడం ఒక్కటే ఆమె చేసిన పొరపాటు.

ఇంకా సూది వేయనేలేదు, జిల్లా పేజీలో వార్త పడింది. "మూగజీవాల పట్ల వివక్ష. సగానికి మందు, సగానికి ఉప్పునీళ్ళు." సాయంత్రానికి టీవీలో నలుగురు కూర్చుని పొట్టేళ్ళ తరఫున కన్నీళ్ళు పెట్టుకున్నారు. మర్నాడు ప్రభుత్వం ఏకసభ్య విచారణ సంఘం వేసింది.

ఆ ఏకైక సభ్యులు విశ్వపతిరావు గారు, ప్రత్యేక ప్రధాన కార్యదర్శి. పశుసంవర్ధక శాఖకు రాకముందు జీవితమంతా సంక్షేమ శాఖలో గడిపారు. లబ్ధిదారుల ఎంపికలో ఆయనను మించినవారు లేరని సచివాలయంలో చెప్పుకుంటారు. మనిషి దొడ్డవారే గానీ కుడి మోకాలు మాత్రం ఆయన మాట వినదు. మెట్లెక్కేటప్పుడు ప్రతి మెట్టు దగ్గరా ఆగి, ప్రకృతిని తిలకిస్తున్నట్టు చుట్టూ చూస్తారు. సంస్థ మొదటి అంతస్తుకు చేరేలోపు ఆయన తుమ్మచెట్లను చాలాసేపు మెచ్చుకున్నారు.

విచారణ సమావేశ మందిరంలో మొదలైంది. ఒక పక్క సంస్థ డైరెక్టరు పరాంకుశం గారు, ఇంకో పక్క రాసుకునే గుమస్తా, ఎదురుగా ఇందుమతి.

"డాక్టరుగారూ, మందు పొందుటకు ఏయే పొట్టేళ్ళు అర్హమైనవో తమరు ఏ ప్రాతిపదికన నిర్ణయించారు?"

"చీట్లు వేసి తీశాం సార్."

విశ్వపతిరావు కళ్ళజోడు తీశారు. "అంటే లాటరీ."

"లాటరీ అంటే..."

"రాష్ట్రంలో లాటరీ నిషేధం అమ్మా. ఏ పొట్టేలు ఎక్కువ కుంటుతున్నది, ఏది తక్కువ కుంటుతున్నది, ఏది పేద మంద నుంచి వచ్చినది, ఇవేవీ పరిశీలించలేదా?"

"అవేవీ చూడకూడదనే చీట్లు వేశాం సార్."

"చూడకూడదనే," అని ఆయన గుమస్తా వైపు తిరిగారు. "ఆ మాట ఉన్నదున్నట్టు రాయండి. సరే, ఇప్పుడు ఏ పొట్టేలికి ఏ సీసా పడబోతున్నదో తమకు తెలుసా?"

"తెలియదు సార్. నాకు తెలియకూడదు. ఆఖరున విప్పి చూసుకునేదాకా ఎవరికీ తెలియదు."

"ప్రభుత్వం కొన్న మందు ఎవరికి చేరుతున్నదో, ఇచ్చే డాక్టరుకే తెలియదు. తెలియకుండా ఆమె స్వయంగా ఏర్పాటు చేసుకున్నారు. పరాంకుశం గారూ, దీనిని ఏమందురు?"

"పారదర్శకతా లోపం సార్," అన్నారు పరాంకుశం వెంటనే.

"లోపం కాదు, రాహిత్యం. ఇక ఈ ఉప్పునీళ్ళ సంగతి."

"అది మందు కాదు సార్. చూడ్డానికి మాత్రం మందులాగే ఉంటుంది. అలా ఉండాలి కూడా."

"మందువలె కనిపించును, మందు కాదు. నకిలీ మందు." విశ్వపతిరావు నిట్టూర్చారు. ఆ నిట్టూర్పులో కోపం లేదు, ఒక తండ్రి బాధ ఉంది. "చదువుకున్నవారు, అనుభవమున్నవారు. ఒక్క పనిలో ఇన్ని నేరాలు ఎలా చేయగలిగారమ్మా?"

ఇందుమతి కుర్చీలో ముందుకు జరిగింది. అడగాల్సింది అడిగింది. "సార్, అన్నిటికీ మందు ఇచ్చేస్తే అది పనిచేసిందో లేదో ఎలా తెలుస్తుంది?"

ఆయన ఆ ప్రశ్నను తేలిగ్గా తీసుకోలేదు. నిజంగానే కాసేపు ఆలోచించారు. "నా సర్వీసంతా సంక్షేమ శాఖలో గడిచింది. ఇచ్చామా లేదా అన్నదే ఎప్పుడూ ప్రశ్న. పనిచేసిందా అని మమ్మల్ని ఎవరూ ఏనాడూ అడగలేదు."

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. మందు ఇవ్వని వర్గమును తక్షణమే రద్దు చేయడమైనది. అర్హులైన పొట్టేళ్ళన్నింటికీ సంతృప్త స్థాయిలో మందు అందవలెను. లబ్ధిదారుల వివరములు అందరికీ కనబడునట్లు ప్రదర్శించవలెను.

పరాంకుశం గారికి ఉత్తర్వు అంటే ప్రాణం. గేటు దగ్గర నిలువెత్తు బోర్డు లేచింది. దాని మీద పన్నెండు పొట్టేళ్ళ ఫొటోలు, కింద వయసు, స్వస్థలం. రెండు పొట్టేళ్ళు కెమెరా వైపు చూడలేదని వాటికి మళ్ళీ ఫొటో తీయించారు. తర్వాత కొట్టంలో సామాజిక తనిఖీ జరిగింది. ఒక అధికారి గడ్డి మీద కుర్చీ వేయించుకుని, లబ్ధిదారుల జాబితాను లబ్ధిదారుల ఎదుటే పైకి చదివి, అభ్యంతరాలుంటే చెప్పమన్నాడు. మూడో పొట్టేలు అరిచింది. అభ్యంతరం నమోదైంది. దాన్ని పరిష్కరించడానికి మూడో పొట్టేలికి ఒక కట్ట జొన్నచొప్ప వేశారు. వెంటనే మిగతావన్నీ అభ్యంతరాలు చెప్పడం మొదలుపెట్టాయి.

ఇందుమతి పిచ్చి చూపులు చూస్తూ తిరిగింది. ఉన్న మందు సగానికే సరిపోతుందిలే అన్న ఆశ కూడా మిగల్చకుండా, ఉత్తర్వుతోపాటే ఇంకో ఆరు డోసులు విమానంలో దిగాయి. పొట్టేలికి ఒకటి చొప్పున సరిగ్గా పన్నెండు. ఇక్కడ ఉద్యోగం మానేస్తే పొట్టేళ్ళు ఎవరి పాలవుతాయోనని భయం. మానకపోతే తన ప్రశ్న ఏమవుతుందోనని ఏడుపు. రెండూ దిగమింగి, ఉన్నంతలో చూడగలిగిందేదో చూద్దామని ఉండిపోయింది.

మొదటి డోసు మంత్రిగారి చేతుల మీదుగా అని నిర్ణయించారు. ఆ ఉదయం షామియానా వేశారు, సన్నాయి పెట్టారు, స్టేజీ ఎక్కడానికి ఎర్ర తివాచీ పరిచారు. ఇందుమతి సిరంజి నింపుకుని ఎదురుచూస్తూ ఉంటే, పొట్టేళ్ళ కాపరి మద్దిలేటి ఒక పొట్టేలును పట్టుకుని వచ్చాడు. గిట్టలకు పసుపు, కొమ్ములకు ఎర్ర రిబ్బన్లు, మెడలో బంతిపూల దండ. నడుస్తుంటే నేల అదురుతోంది. ఆమె దాన్ని జన్మలో చూడలేదు.

"మద్దిలేటీ, ఇదేంటి? చిట్టిగాడు ఏడి?" చిట్టిగాడంటే పన్నెండో పొట్టేలు. జాబితా ప్రకారం మంత్రిగారి సూది దానికి పడాలి.

"నాకేం తెల్సు మేడమ్, సారు జెప్పినారు," అన్నాడు మద్దిలేటి గొంతు తగ్గించి. "కుంటేది టీవీలో బాగుండదంట. నడిసేదాన్ని పట్టకరమ్మన్న్యారు. ఇది మా బామ్మర్దిది. పందేల పొట్టేలు. నవాబు అంటారు దీన్ని. మా ఊర్లో దీనికి ఎదురు నిలబడినేది యాదీ ల్యా."

"దీని మోకాలికి ఏ జబ్బూ లేదు కదయ్యా."

"ల్యా మేడమ్. బలే గట్టి కాళ్ళు."

ఆమె పరుగున డైరెక్టరు దగ్గరికి వెళ్ళింది. ఆయన నవ్వుముఖం చెదరకుండానే పెదవుల మధ్య నుంచి చెప్పారు. "ఊరికే ఫొటోకమ్మా. సూదిని కాలి పక్కన ఆనించి పట్టుకుంటారు, అంతే. మీరు కంగారు పడకండి."

మంత్రిగారు ఊరికే పట్టుకునే మనిషి కాదు. సన్నాయి ఊపందుకుంది. ఆయన నవాబు మోకాలి చిప్ప కింద సూది గుచ్చి, మందు చివరి చుక్కదాకా నొక్కి, ప్రజలకు అభివాదం చేశారు. నవాబు దండలో అందినంత బంతిపూలు తిన్నాడు. ఆ సూదితో జాబితాలోని పన్నెండో పొట్టేలి డోసు అయిపోయింది.

మిగతా పదకొండింటికి ఇందుమతి తన చేతులతో వేసింది. చిట్టిగాడికి మిగల్లేదు. ఇంకో డోసు తెప్పించమని అడిగితే పరాంకుశం గారు ఆశ్చర్యపోయారు. "పన్నెండో పొట్టేలికి మంత్రిగారే స్వయంగా ఇచ్చారు కదమ్మా. ఫొటో కూడా ఉంది. మళ్ళీ ఇస్తే రెండుసార్లు లబ్ధి పొందినట్టవుతుంది."

అలా, రద్దయిన వర్గం ఒకే ఒక్క పొట్టేలి రూపంలో ఎవరికీ తెలియకుండా కొట్టంలో ఒక మూల గడ్డి మేస్తూ మిగిలింది.

నెలలు గడిచాయి. పొట్టేళ్ళు ఒక్కొక్కటే కుంటడం మానేశాయి. పరాంకుశం గారు నూటికి నూరు శాతం ఫలితాలంటూ పత్రికల వాళ్ళకు టీ ఇచ్చారు. ఇందుమతి మాత్రం రోజూ కొట్టంలో మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కో కాలూ తడిమి చూసేది. మందు పడిన పదకొండు కాళ్ళలోనూ కీలు అంచున బటానీగింజంత గట్టి బుడిపె తగిలింది. మెత్తగా పెరగాల్సిన చోట మెత్తగానే పెరిగిందేమో గానీ, పక్కన అక్కరలేని ఎముక కూడా లేచింది. చిట్టిగాడి కాలు తడిమింది. నున్నగా ఉంది. వాడు కూడా కుంటడం మానేసి, ఆమె చీర కొంగు నములుతున్నాడు.

మందు లేకుండానే వీడికి నయమైతే మిగతావాటికి మందు చేసిన మేలేమిటి? బుడిపెలేనా? లేక వీడి ఒక్కడి అదృష్టం బాగుందా? ఒక్క పొట్టేలును చూసి ఏం చెబుతుంది ఎవరైనా?

ఆ రోజే మద్దిలేటి ముఖం వేలాడేసుకుని వచ్చాడు. వెనకాల నవాబు. వెనక కుడికాలు కట్టెలాగా చాచి, వంచకుండా విసురుతూ నడుస్తోంది. "మా యింట్ల కూడు పెడ్తల్యా మేడమ్. మా బామ్మర్ది సూస్తే కొడ్తానంటాండాడు. పందెంలో దిగితే మోకాలు వంగుల్యా దీనికి. మీరే ఏందోటి జెయ్యాల."

ఇందుమతి ఎక్స్‌రే తీసింది. నవాబు మోకాలిలో పూడ్చడానికి గుంట లేదు. పెరగమని చెప్పడమే పనిగా వచ్చిన మందు, చెప్పడానికి తగిన చోటు దొరక్క దొరికిన చోటల్లా చెప్పింది. కీలు చుట్టూ చింతపిక్కలంత ఎముకలు లేచాయి. ఆమె ఆ ఎక్స్‌రే పట్టుకుని డైరెక్టరు గదికి వెళ్ళింది.

"నవాబు ఎవరు?" అన్నారు పరాంకుశం గారు. జాబితాలో నవాబు లేడు. చిట్టిగాడి సంగతి చెబితే, చిట్టిగాడు మందు వల్ల నయమైన పన్నెండో లబ్ధిదారు అన్నారు. జాబితాలో అలాగే ఉంది. "ఈ సమయంలో ఇలాంటివి ఎందుకమ్మా? మనుషులకు పథకం ప్రకటించేశారు. 'మోకాలి భాగ్యం'. వచ్చే వారమే ప్రారంభం. ఆ ఫొటోలోని పొట్టేలును కూడా తీసుకొస్తున్నాం, మంత్రిగారు గుర్తుపెట్టుకుని అడిగారు."

"సార్, ఈ మందు మనుషులకు ఇవ్వకూడదు. ఏం చేస్తుందో మనకు తెలియదు."

"ఏం చేస్తుందో తెలియనివి మనం చాలా ఇచ్చాం," అని ఆయన ధైర్యం చెప్పారు.

మోకాలి భాగ్యంలో మొదటి లబ్ధిదారుగా ఎంపికయ్యేందుకు పెద్దపెద్దవాళ్ళు పోటీపడ్డారు. మొదటి పేరు విశ్వపతిరావు గారిది. ఎంపిక సంఘానికి అధ్యక్షులు ఆయనే. మందు పెట్టె తెచ్చే బాధ్యత ఇందుమతికి అప్పగించారు. దారి పొడుగునా ఐసు పెట్టెను ఒళ్ళో పెట్టుకుని, దీన్ని కిటికీలోంచి విసిరేస్తే ఏమవుతుందని ఆలోచించింది. ఇంకోటి పంపిస్తారు, అంతే. చెప్పాలి. వినేదాకా చెప్పాలి.

ఆసుపత్రి వరండాలో పూలదండలు, కెమెరాలు. మధ్యలో నవాబు. కాలు కట్టెలా చాచి టక్, టక్ మని నడుస్తుంటే, మందు వల్ల వచ్చిన గర్వం అది అని పరాంకుశం గారు విలేకరులకు వివరిస్తున్నారు.

లోపల ప్రత్యేక గదిలో విశ్వపతిరావు గారు పంచె మోకాలిపైకి మడుచుకుని పడక మీద పడుకుని ఉన్నారు. సూది వేయాల్సిన ఎముకల డాక్టరు చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు. తెరిచిన తలుపులోంచి నవాబు నడక కనబడుతోంది.

"డాక్టరుగారూ, ఆ పొట్టేలు అటుల నడచుటకు కారణమేమి?"

"మోకాలు వంగదు సార్."

"మందుకు ముందు నుంచేనా?"

"మందుకు ముందు పందేలు గెలిచేది. దానికి ఏ జబ్బూ లేదు. ఫొటో కోసం తెస్తే మంత్రిగారు సూది వేసేశారు."

విశ్వపతిరావు గారు మోచేతుల మీద లేచారు. "మిగతావి నడుస్తున్నాయి కదా?"

"నడుస్తున్నాయి సార్. అన్నిటికీ బుడిపెలు కూడా ఉన్నాయి. మందు వల్ల నడుస్తున్నాయో, మందు వేసినా నడుస్తున్నాయో నాకు తెలియదు."

"మందు వెయ్యకుండా నడిచింది ఒక్కటీ లేదా?" ఆయన భాషలోంచి సచివాలయం కొంచెం కొంచెంగా జారిపోతోంది.

"ఒకే ఒక్కటుంది. చిట్టిగాడని. పొరపాటున మిగిలిపోయాడు. బ్రహ్మాండంగా నడుస్తున్నాడు, బుడిపె కూడా లేదు. కానీ ఒక్కదాన్ని చూసి ఏం చెప్పను సార్?"

"అలాంటివి ఇంకొన్ని ఉండాల్సిందమ్మా."

"ఉండేవి సార్. సగం."

విశ్వపతిరావు గారు ఫ్యాను వైపు చూస్తూ, ఒక్కో ముక్కా తనే కూడబలుక్కుంటూ మాట్లాడారు. "ముందు కొందరికిచ్చి, కొందరికి ఇవ్వకుండా చూడాలి. ఎవరికేది ఇచ్చారో చెప్పకూడదు, చెబితే మనసు ఊరుకోదు. చూసే డాక్టరుకీ చెప్పకూడదు, మొహమాటానికి బాగుందనేస్తాడు. ఎవరు ఎటు అన్నది మావాళ్ళ చేతికిస్తే రికమండేషన్లు వచ్చిపడతాయి. అంచేత చీట్లెయ్యాలి."

"లాటరీ నిషేధం సార్."

బయట సన్నాయి మొదలైంది. ఎముకల డాక్టరు చేతులు తుడుచుకుంటూ లోపలికి వచ్చి సిరంజి తీశాడు. విశ్వపతిరావు గారు ఇందుమతి చెయ్యి పట్టుకున్నారు.

"అమ్మా, నీకు పుణ్యముంటుంది. నన్ను ఆ మందు ఇవ్వనివాళ్ళలో వెయ్యి."

"ఆ వర్గం లేదు సార్," అంది ఇందుమతి. జాలిగానే అంది. "తమరే రద్దు చేశారు."

ఆ తర్వాత జరిగింది చూసినవాళ్ళు ఇప్పటికీ నమ్మరు. విశ్వపతిరావు గారు పడక మీది నుంచి దిగి, పంచె ఎగ్గట్టి, వరండాలో మంత్రిగారినీ నవాబునూ దాటుకుని, మెట్ల దగ్గర ఏ చెట్టునూ మెచ్చుకోకుండా కిందికి పరుగెత్తారు. మోకాలి భాగ్యం ఫలితాలు మందు వేయకముందే కనిపించాయని ఒక టీవీ ఛానెల్ వెంటనే వార్త ఇచ్చింది.

సాయంత్రానికి సవరణ ఉత్తర్వు వెలువడింది. మనుషుల పథకం వాయిదా. పొట్టేళ్ళ మీద పరిశోధన మొదటి నుంచీ తిరిగి చేయవలెను. మందు ఇవ్వని వర్గమును పునరుద్ధరించడమైనది. ఎంపిక యాదృచ్ఛిక కేటాయింపు విధానమున జరుగును. ఆ విధానం అంటే చీట్లే. ఈసారి డబ్బాను విశ్వపతిరావు గారే రెండు చేతులతో పట్టుకుని, లోపలి చీట్లు తమకు కనబడకుండా కళ్ళు మూసుకుని ఊపారు. ఇందుమతి పక్కకు తిరిగి కళ్ళు తుడుచుకుంది. కొత్త పొట్టేళ్ళు రాకముందే నవాబు మోకాలిలో లేచిన ఎముకలను తొలిచి తీసేసింది. కాలు వంగింది. మద్దిలేటికి ఇంట్లో మళ్ళీ కూడు పెడుతున్నారు. ఆమె ప్రశ్నకు జవాబు ఇంకా రాలేదు. కానీ రావడానికి ఇప్పుడు దారి ఉంది.

ఈ కబురు సచివాలయంలో పొక్కింది. మోకాలి భాగ్యం మళ్ళీ ఎప్పుడు మొదలైనా, అందులో మందు ఇవ్వనివాళ్ళ సగం కూడా ఉంటుందట. ఇప్పుడు ఆ సంస్థ మీద ఫిర్యాదులు కుప్పలు తెప్పలుగా వస్తున్నాయి. అన్నీ పెద్దహోదా వాళ్ళ దగ్గర్నుంచే. అన్నిటిలోనూ ఒకటే బాధ. ఎంతో కాలంగా సేవ చేస్తున్నా తమను ఉప్పునీళ్ళ జాబితాలో చేర్చలేదట.